ఎమ్‌పీ4 అని ఉన్నా టీవీలో ఎందుకు ఆడట్లేదు? నాలుగు ఫైళ్లు, నాలుగు రకాల తలనొప్పులు

పాతక్యాసెట్:

అందరికీ నమస్తే. నాన్న రిటైర్మెంట్ రోజు తీసిన వీడియోలన్నీ ఒకచోట చేర్చి ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూద్దామని మొదలుపెట్టాను, వారం అయింది, ఒక్కటి కూడా సరిగ్గా ఆడలేదు. టీవీ దాదాపు పదేళ్ల కిందటిది, ఫుల్ హెచ్‌డీ, వెనకాల యూఎస్‌బీ పెట్టుకునే చోటు ఉంది. నా దగ్గర ఉన్నవి ఇవి.

అక్క ఐఫోన్‌లో తీసిన క్లిప్పు, చివర ఎంఓవీ అని ఉంది. టీవీలో పెడితే ఈ ఫార్మాట్‌కి సపోర్ట్ లేదు అంటోంది.

కెమెరా అతను ఇచ్చిన ఒరిజినల్ ఫైల్, ఇది ఎమ్‌పీ4. 22 నిమిషాలే కానీ 16 జీబీ ఉంది. 64 జీబీ పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా కాపీ చెయ్యబోతే ఫైల్ చాలా పెద్దది అని ఆగిపోయింది. హార్డ్ డిస్క్‌లో వేసి పెడితే టీవీలో పేరు కనిపిస్తుంది, నొక్కితే మాత్రం కదలదు. ఎమ్‌పీ4 ఎక్కడైనా ఆడుతుంది అంటారు కదా మరి?

తమ్ముడు చిన్న చిన్న క్లిప్పులు కలిపి చేసిన ఎంకేవీ. దీంట్లో బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, సౌండ్ మాత్రం అస్సలు లేదు.

ఇంకోటి పాత వీసీడీ, నాన్నకి చాలా ఏళ్ల కిందట ఆఫీసులో చేసిన సన్మానం. డిస్క్‌లోంచి తీస్తే చివర డాట్ (.dat) అని ఉన్న ఫైల్ వచ్చింది, ల్యాప్‌టాప్ దాన్ని వీడియోగానే చూడట్లేదు.

విచిత్రం ఏంటంటే నాలుగూ నా ఫోన్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా ఆడుతున్నాయి. ఎంకేవీ పేరు మార్చి చివర ఎమ్‌పీ4 అని పెట్టి చూశా, అదే కథ. కెమెరా ఫైల్లోంచి చిన్న ముక్క కోసి ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే టీవీలో ఆడింది కానీ నాన్న మాట్లాడుతూ గొంతు ఆగిపోయి కళ్లజోడు తీసి తుడుచుకునే చోట మొహం అంతా మైనం పూసినట్టు, వెనక కర్టెన్ గళ్లు గళ్లుగా వచ్చింది. ఆ ఒక్క నిమిషం కోసమే నేను ఇదంతా చేస్తున్నది. దయచేసి ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి, ఎక్కడ తప్పు చేస్తున్నా?

వెన్నెలబాట:

ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి వీఎల్‌సీలో ఆడించెయ్యండి, ఈ రోజుకి పని అయిపోతుంది. అప్పుడు ఫైల్ విప్పే పని ల్యాప్‌టాప్ చూసుకుంటుంది, టీవీ కేవలం తెర. పెన్‌డ్రైవ్‌లో పెట్టి అందరికీ పంచాలంటే మాత్రం మార్చుకోవాల్సిందే.

ఫ్రేమ్‌లెక్క:

వెన్నెలబాట గారు చెప్పింది మంచి మాట, ముందు అందరూ ఒకసారి చూసెయ్యండి, తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. ఒరిజినల్స్ మాత్రం ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకండి, అన్నీ అయ్యాక కూడా.

ఇప్పుడు అసలు విషయం. ఎమ్‌పీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ ఇవన్నీ మూటల పేర్లు. కంటైనర్ అంటారు. మూటలో బొమ్మ ఒక ట్రాక్, సౌండ్ ఇంకో ట్రాక్, సబ్‌టైటిల్స్ ఉంటే ఇంకోటి, వీటిని ఏ క్షణానికి ఏది చూపించాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటాయి. బొమ్మని ఏ పద్ధతిలో కుదించి పెట్టారో దాన్ని కోడెక్ అంటారు, హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 ఇలా. సౌండ్‌కి వేరే కోడెక్ ఉంటుంది, ఏఏసీ, ఎమ్‌పీ3, ఏసీ3, ఓపస్ వగైరా. అంటే ఒకే ఎమ్‌పీ4 అనే పేరు కింద లోపల పది రకాల సరుకు ఉండొచ్చు, అందుకే ఒక ఎమ్‌పీ4 ఆడుతుంది ఇంకోటి ఆడదు. మీరు పేరు మార్చినప్పుడు మూట మీద చీటీ మారింది అంతే, మూటా మారలేదు సరుకూ మారలేదు.

ఫోన్‌లో ఆడి టీవీలో ఎందుకు ఆడదంటే, టీవీలో వీడియో విప్పడానికి ఒక చిప్ ఉంటుంది, దానికి ఫ్యాక్టరీలో ఏయే కోడెక్‌లు ఇచ్చారో అవే వస్తాయి, కొత్తది నేర్పలేం. వీఎల్‌సీ అలా కాదు, చిప్ చేతులెత్తేస్తే ప్రాసెసర్‌తో సాఫ్ట్‌వేర్ ద్వారా విప్పేస్తుంది. ఫోన్ ప్రాసెసర్‌కి ఆ సత్తా ఉంది, పదేళ్ల కిందటి టీవీ ప్రాసెసర్‌కి లేదు.

కాబట్టి ఏదీ కన్వర్ట్ చెయ్యకముందు మూట విప్పి చూడాలి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైల్ దాంట్లో వేస్తే లోపల ఏముందో అంతా చూపిస్తుంది. అది లేకపోతే కంప్యూటర్‌లో వీఎల్‌సీ టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కినా కొంతవరకు తెలుస్తుంది. నాలుగు ఫైళ్లకీ చూసి బొమ్మ ఫార్మాట్, ప్రొఫైల్, బిట్ డెప్త్, క్రోమా సబ్‌శాంప్లింగ్, సౌండ్ ఫార్మాట్ ఇవి ఇక్కడ పెట్టండి, ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం చూడకుండానే చెప్పొచ్చు. అది ఫ్యాట్32లో (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ అయి ఉంటుంది, దాంట్లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, డ్రైవ్ ఎంత ఖాళీగా ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారిస్తే ఆ హద్దు ఉండదు కానీ మీ టీవీ వాటిని చదువుతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. ఫార్మాట్ చేస్తే దాంట్లో ఉన్నవన్నీ పోతాయి, గుర్తుపెట్టుకోండి.

పాతక్యాసెట్:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీడియాఇన్ఫోలో చూశా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఐఫోన్ ఎంఓవీ: బొమ్మ హెచ్‌ఈవీసీ, మెయిన్, 8 బిట్స్, 4:2:0, ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్, రొటేషన్ 90 అని ఇంకో లైన్ ఉంది. సౌండ్ ఏఏసీ.

కెమెరా ఎమ్‌పీ4: బొమ్మ ఏవీసీ, హై 4:2:2, 10 బిట్స్, క్రోమా 4:2:2, 3840×2160, బిట్ రేట్ 100 మెగాబిట్స్ దగ్గర. సౌండ్ పీసీఎం.

తమ్ముడి ఎంకేవీ: బొమ్మ ఏవీసీ, హై, లెవెల్ 4, 8 బిట్స్, 4:2:0, 1920×1080. సౌండ్ ఓపస్.

డాట్ ఫైల్: ఎంపెగ్ వీడియో వెర్షన్ 1, 352×288. సౌండ్ ఎంపెగ్ ఆడియో.

గ్రీన్‌చానల్:

బ్రో ఇంత లోతుకి పోనక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ సాఫ్ట్‌వేర్ దించుకో, నాలుగూ దాంట్లో వేసెయ్, హెచ్.264, ఏఏసీ, ఎమ్‌పీ4 పెట్టు, రాత్రి పడుకునే ముందు స్టార్ట్ చేస్తే పొద్దున్నకి అయిపోతుంది. హెచ్.264 వచ్చింది 2003లో, ఇప్పుడు వాడుకలో ఉన్న ఏ డబ్బాలో అయినా దాదాపు ఆడుతుంది. నేను అందరికీ ఇదే చేసిస్తా, ఎవరూ తిరిగి కంప్లైంట్ చెయ్యలేదు.

ఫ్రేమ్‌లెక్క:

గ్రీన్‌చానల్ బ్రో, రెండు ఫైళ్లకి నువ్వు చెప్పిందే మందు, ఒప్పుకుంటా. కానీ నాలుగింటికీ వద్దు. హ్యాండ్‌బ్రేక్ బొమ్మని ఎప్పుడూ మళ్లీ కుదిస్తుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యడం దానికి రాదు. ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తే కొంచెం పోతుంది, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. అవసరం ఉన్నచోట తప్పదు, అవసరం లేనిచోట ఎందుకు పోగొట్టుకోవాలి, అదీ మళ్లీ తీయలేని రోజు వీడియో.

తమ్ముడి ఎంకేవీ చూడండి. దాంట్లో బొమ్మ ట్రాక్ మీ టీవీకి సరిగ్గా సరిపోయేదే, అందుకే బొమ్మ వస్తోంది. అడ్డు పడ్డది ఓపస్ సౌండ్ ఒక్కటే. బొమ్మని తాకకుండా సౌండ్ మాత్రం ఏఏసీకి మార్చి కొత్త మూట కట్టాలి. అవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, ఎడమ పక్కన వీడియో అవుట్‌పుట్ దగ్గర కాపీ అని అలాగే ఉంచి, ఆడియో అవుట్‌పుట్ దగ్గర ఏఏసీ ఎంచుకుని, కింద ఎమ్‌పీ4 మక్సర్ (మూట కట్టేది) పెట్టి సేవ్ కొట్టండి. గంట వీడియో అయినా నిమిషాల్లో అయిపోతుంది ఎందుకంటే బరువైన పని అంతా బొమ్మదే, దాన్ని మనం ముట్టుకోవట్లేదు. కమాండ్ లైన్ అలవాటు ఉన్నవాళ్లకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌లో ఇది ఒక్క లైన్ పని. సౌండ్ కూడా సరిపోయేదైతే రెండూ కాపీ పెట్టి వట్టి మూట మార్చుకోవచ్చు, దీన్నే రీమక్స్ అంటారు, దాంట్లో క్వాలిటీ ఒక్క చుక్క కూడా పోదు.

ఇప్పుడు కెమెరా ఫైల్, మీరు ఎక్కువ మనసు పెట్టుకున్నది. ఏవీసీ అంటే హెచ్.264నే, పేరు చూస్తే టీవీకి సరిపోవాలి. కానీ హెచ్.264లో మళ్లీ ప్రొఫైల్స్ ఉంటాయి. టీవీ చిప్‌లకి తెలిసింది 8 బిట్స్, 4:2:0. అంటే ఒక్కో రంగుకి 256 మెట్లు, రంగు వివరం అడ్డంగానూ నిలువుగానూ సగమే దాచుకోవడం. మీ కెమెరా తీసింది 10 బిట్స్, అంటే 1024 మెట్లు, రంగు అడ్డంగా మాత్రమే సగం. ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి అది చాలా బాగుంటుంది, ఆ అతను మంచి క్వాలిటీలోనే తీశాడు, తప్పు పట్టకండి. చూడ్డానికి వేరే కాపీ చేసుకోవాలి అంతే. దానికి తోడు 4కే, మీ టీవీ ఫుల్ హెచ్‌డీ. సౌండ్ పీసీఎం, అంటే కుదించనిది, ఎమ్‌పీ4 లోపల పీసీఎం ఉంటే చాలా టీవీలు మాట్లాడవు. ఒకే ఫైల్లో మూడు అడ్డంకులు.

సైజు లెక్క కూడా తేలిపోతుంది. బిట్ రేట్ అంటే సెకనుకి ఎంత డేటా అన్నది, 100 మెగాబిట్స్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్స్, 22 నిమిషాలు అంటే 1320 సెకన్లు, గుణించుకుంటే 16.5 జీబీ. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో దీంట్లో ఆరు నిమిషాల ముక్క కూడా పట్టదు.

దీన్ని హ్యాండ్‌బ్రేక్‌లో వేసి 1080పీకి తగ్గించండి, వీడియో ఎన్‌కోడర్ హెచ్.264 ఎక్స్264, క్వాలిటీ దగ్గర కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకుని ఆర్‌ఎఫ్ 18 పెట్టండి. ఆ అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. మామూలు వీడియోకి 20 నుంచి 22 చాలు, మీ నాన్నగారి మొహం క్లోజప్ కోసం 18 అంటున్నా. ఎన్‌కోడర్ ప్రీసెట్ స్లో పెట్టండి, టైమ్ ఎక్కువ తీసుకుంటుంది, అదే సైజులో ఇంకాస్త వివరం నిలబడుతుంది. మీ ఆన్‌లైన్ కన్వర్టర్ దగ్గర జరిగింది ఏంటంటే బిట్ రేట్ మరీ తక్కువ ఇచ్చి ఉంటుంది, అలా ఇస్తే ముందు పోయేది చర్మం మీద సన్నటి గీతలు, బట్టల నేత, కర్టెన్ నీడలు. మైనం మొహం అంటే అదే. ఇంట్లోవాళ్ల వీడియోలు ముక్కూ మొహం తెలియని సైట్‌కి ఎక్కించడం కూడా నాకు నచ్చదు, ఈ పనంతా మన కంప్యూటర్‌లోనే అయిపోతుంది.

అక్క క్లిప్పు హెచ్‌ఈవీసీ. ఇది 2013లో వచ్చింది, హెచ్.265 అన్నా ఇదే. దాదాపు అదే క్వాలిటీ చాలా తక్కువ సైజులో ఇస్తుంది కాబట్టి ఐఫోన్లు 2017లో ఐఓఎస్ 11 నుంచి దీనికి మారాయి. మీ టీవీ అంతకు ముందుది, దానికి ఇది తెలియదు. పైగా హెచ్‌ఈవీసీ పేటెంట్లు ఒక్కరి చేతిలో లేవు, రెండు మూడు గుంపులు వేరువేరుగా లైసెన్స్ డబ్బులు అడిగాయి, అందుకే విండోస్‌లో కూడా దానికి వేరే ఎక్స్‌టెన్షన్ కొనుక్కోమంటుంది, ఆ గొడవ వల్లే కంపెనీలు కొన్ని కలిసి ఏవీ1 అని 2018లో రాయల్టీ లేనిది తెచ్చాయి. దీన్ని కూడా హ్యాండ్‌బ్రేక్‌లోనే హెచ్.264కి మార్చండి, ఫ్రేమ్ రేట్ దగ్గర మాత్రం కాన్‌స్టంట్ ఎంచుకోండి. ఫోన్ వెలుతురుని బట్టి ఫ్రేముల మధ్య ఎడం మార్చుకుంటూ తీస్తుంది, కొన్ని ప్లేయర్లలో దాని వల్ల పెదాలకీ మాటకీ పొత్తు తప్పుతుంది. ఆ రొటేషన్ 90 అంటే బొమ్మ నిజానికి అడ్డంగానే దాచి ఉంది, తిప్పి చూపించు అని ఒక గుర్తు రాశారు, పాత టీవీలు ఆ గుర్తు పట్టించుకోక మనుషుల్ని పడుకోబెట్టి చూపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్ దాన్ని నిజంగానే తిప్పి రాస్తుంది.

ఇకముందు కోసం, అక్క ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెడితే హెచ్.264లోనే తీస్తుంది, కాకపోతే 4కేలో 60 ఫ్రేములు కావాలంటే అప్పుడు హెచ్‌ఈవీసీ తప్పదు.

పాతడిస్క్‌లపెట్టె:

వీసీడీ గురించి నేను చెప్తా, నా దగ్గర అలాంటివి పెట్టెడు ఉన్నాయి. పైన ఫ్రేమ్‌లెక్క గారు పేరు మారిస్తే ఏమీ మారదు అన్నారు, అది నిజమే కానీ మీ డాట్ ఫైల్‌కి మాత్రం పేరు మార్పే పనిచెయ్యొచ్చు. వీసీడీలో ఉండేది ఎంపెగ్1 వీడియోనే, దాని చుట్టూ సీడీ తాలూకు పల్చటి చుట్ట ఒకటి ఉంటుంది, చాలా ప్లేయర్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి. ల్యాప్‌టాప్ దాన్ని వీడియోగా చూడకపోవడానికి కారణం చివర డాట్ అని ఉండటమే. దాని బదులు ఎంపీజీ అని పెట్టి చూడండి. ఆడితే సరే, ఆడకపోతే అవిడెమక్స్‌తో కాపీ పెట్టి ఎంపెగ్ మూటలోకి మార్చుకోండి.

దాన్ని పెద్దది చేసి హెచ్‌డీ చేద్దాం అని మాత్రం చూడకండి. ఉన్నది 352×288, సెకనుకి 1150 కిలోబిట్స్. దాంట్లో లేని వివరం ఎక్కడినుంచో రాదు, సాగదీసి మళ్లీ కుదిస్తే ఉన్నది కూడా పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, డిస్క్ ఇంకా చదువుతున్నప్పుడే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌గా (డిస్క్ ఇమేజ్ అంటారు) తీసి రెండుచోట్ల దాచండి. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌కి (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) 2048 బైట్లే డేటా, మిగతా చోటులో తప్పులు దిద్దుకునే అదనపు సమాచారం ఉంటుంది. వీసీడీలో వీడియో ఎక్కువ పట్టాలని ఆ దిద్దుబాటు తీసేసి 2324 బైట్లు వీడియోకే ఇచ్చారు. అందుకే చిన్న గీత పడినా కాపీ మధ్యలో ఆగిపోవచ్చు. ఆగిపోతే కంగారుపడకండి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచి ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదివిన సందర్భాలు నాకు ఎన్నో. మా అమ్మమ్మ మాట వినిపించే ఒకే ఒక్క డిస్క్ నేను మూడో డ్రైవ్‌లో కాపాడుకున్నా.

సగంరికార్డింగ్:

మధ్యలో వస్తున్నందుకు సారీ, నాది ఇంకో రకం. ఎమ్‌పీ4 రికార్డ్ అవుతుండగా కెమెరా బ్యాటరీ అయిపోయింది, ఫైల్ సైజు 3 జీబీ చూపిస్తోంది కానీ వీఎల్‌సీలో కూడా ఆడట్లేదు. సరుకు ఉన్నట్టా లేనట్టా?

ఫ్రేమ్‌లెక్క:

@సగంరికార్డింగ్ ఉంది, చాలావరకు ఉండే ఉంటుంది. పైన పట్టిక అన్నాను కదా, ఏ ఫ్రేమ్ ఫైల్లో ఎక్కడుందో చెప్పేది, ఎమ్‌పీ4లో దాన్ని మూవ్ (moov) అంటారు, చాలా కెమెరాలు దాన్ని రికార్డింగ్ ఆపాకే రాస్తాయి. మధ్యలో బ్యాటరీ అయిపోయింది కాబట్టి పట్టిక రాయలేదు. అన్‌ట్రంక్ అనే ఉచిత టూల్ ఉంది, అదే కెమెరాలో అవే సెట్టింగ్స్‌తో తీసిన బాగున్న ఫైల్ ఇంకోటి ఇస్తే దాన్ని చూసి పట్టిక తిరిగి కడుతుంది. ముందు ఆ పాడైన ఫైల్‌కి కాపీ తీసుకుని కాపీ మీదే ప్రయత్నించండి, ఆ కార్డ్‌లో కొత్తగా ఏమీ తీయకండి. కంప్యూటర్ స్క్రీన్ రికార్డ్ చేసేవాళ్లు ఎంకేవీలో తీసి తర్వాత ఎమ్‌పీ4కి రీమక్స్ చేసుకోవడం కూడా ఈ భయంతోనే, ఎంకేవీ మధ్యలో తెగినా తెగినంతవరకు ఆడుతుంది.

గ్రీన్‌చానల్:

సరే బ్రో, ఆ అవిడెమక్స్ కాపీ పద్ధతి నేను ఇన్నాళ్లూ వాడలేదు, ఇవాళ చేసి చూశా, గంటన్నర ఫైల్ రెండు నిమిషాల్లో వచ్చేసింది, బొమ్మ అదే. ఇన్నాళ్లు రాత్రంతా ల్యాప్‌టాప్ వేడెక్కించాను అనవసరంగా. ఒక చిన్న మాట పాతక్యాసెట్‌కి, కొత్త ఐఫోన్లలో హెచ్‌డీఆర్‌లో తీసినవి 10 బిట్స్ ఉంటాయి, వాటిని ఊరికే 8 బిట్స్ హెచ్.264కి మార్చేస్తే రంగులు పాలిపోయినట్టు వస్తాయి, టోన్‌మ్యాపింగ్ చెయ్యాలి, అంటే హెచ్‌డీఆర్ వెలుతురునీ రంగుల్నీ మామూలు తెరకి తగ్గట్టు దిద్దాలి. నీ అక్క క్లిప్పు 8 బిట్స్ కాబట్టి నీకు ఆ బాధ లేదు.

పాతక్యాసెట్:

అందరికీ చేతులెత్తి దండం. అయింది!

తమ్ముడి ఎంకేవీకి సౌండ్ వచ్చేసింది, మూడు నిమిషాలు కూడా పట్టలేదు. డాట్ ఫైల్ పేరు మార్చి ఎంపీజీ అని పెట్టగానే టీవీలో ఆడింది, నాన్న జుట్టు నల్లగా ఉన్నప్పటి వీడియో, చిన్నగా మసకగా ఉన్నా అలాగే ఉంచేశా, డిస్క్ ఇమేజ్ రెండుచోట్ల దాచా. అక్క క్లిప్పులో మొదటిసారి ఫ్రేమ్ రేట్ మార్చడం మర్చిపోయా, పది నిమిషాలు దాటాక చప్పట్లు చేతుల కంటే వెనక వస్తున్నాయి, కాన్‌స్టంట్ పెట్టి మళ్లీ చేస్తే సరిపోయింది.

కెమెరా ఫైల్ ఆర్‌ఎఫ్ 18లో నా ల్యాప్‌టాప్ మీద రెండు గంటలు పట్టింది, 16 జీబీ కాస్తా 3 జీబీ లోపే వచ్చింది కాబట్టి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కూడా చెయ్యనక్కర్లేకపోయింది. ఆ కళ్లజోడు తుడుచుకునే చోట ఈసారి అద్దం మీద చుక్క కూడా కనిపిస్తోంది. నిన్న రాత్రి అందరం చూశాం. ఇవాళ పొద్దున్నే లేచి చూస్తే నాన్న ఒక్కరే మళ్లీ పెట్టుకుని చూస్తున్నారు, కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని.